ఇంజిన్ మార్చిన జీపు ఎండాకాలంలో ఎందుకు మరుగుతోంది? హెడ్ విప్పే ముందు ఇవి చూడండి

కారేపల్లి నుంచి ఇల్లందు వైపో, కొత్తగూడెం వైపో మే నెల మధ్యాహ్నం బయల్దేరే వాళ్లకి ఈ సీన్ కొత్తేం కాదు. రోడ్డు పక్కన చెట్టు నీడలో ఓ పాత జీపో, బొలెరోనో ఆగి ఉంటుంది. బానెట్ పైకెత్తి ఉంటుంది. డ్రైవర్ చేతిలో నీళ్ల బాటిల్. ఎక్కిన జనమంతా దిగి నీడకి చేరి ఉంటారు.

పాత బండి అయితే ముసలిదైపోయిందిలే అని సరిపెట్టుకోవచ్చు. కానీ మొన్నీమధ్యే అప్పు తెచ్చి ఇంజిన్ మార్పించిన బండి కూడా అలాగే మరిగితే? ఓనర్‌కి మొదట అనుమానం వచ్చేది ఇంజిన్ మీదే. సెకండ్ హ్యాండ్ ఇంజిన్ అంటగట్టారంటూ షెడ్డులో గొడవ. మెకానిక్ హెడ్ విప్పుతాడు, లేత్‌లో ఫేసింగ్ చేయిస్తాడు, కొత్త ప్యాకింగ్ వేస్తాడు. వారం తిరక్కుండా ముల్లు మళ్లీ ఎర్ర గీత దగ్గరికే.

అసలు విషయం ఏంటంటే, ఇంజిన్ మార్చాక వచ్చే హీటింగ్‌లో చాలాసార్లు తప్పు ఇంజిన్‌ది కాదు. వచ్చిన ఇంజిన్‌కీ, బండిలో ముందు నుంచీ ఉన్న రేడియేటర్, ఫ్యాన్, పైపులకీ జత కుదరదు. ఆ జత ఎక్కడ చెడిందో తెలుసుకోవడానికి హెడ్ విప్పక్కర్లేదు. బండి ఎప్పుడు మరుగుతోందో గమనిస్తే సగం సమాధానం దొరికేస్తుంది.

డిసెంబర్‌లో బాగుంది.. మేలో ఏమైంది?

చాలామంది ఓనర్లని తికమక పెట్టేది ఇదే. చలికాలంలో ఇంజిన్ మార్చారు. ఐదు నెలలు బండి పూలల్లే తిరిగింది. మిర్చి బస్తాలు వేసుకుని ఖమ్మం మార్కెట్‌కి కూడా వెళ్లొచ్చింది. ఎండలు ముదిరాక ఒక్కసారిగా మరగడం మొదలైంది. మరి ఈ మధ్యలో ఏం పాడైంది?

ఏమీ పాడవకపోవచ్చు. రేడియేటర్ వేడిని బయటకి పంపడం అనేది లోపలి నీళ్ల వేడికీ, బయటి గాలి వేడికీ మధ్య ఉన్న తేడా మీద ఆధారపడి ఉంటుంది. నీళ్లు 95 డిగ్రీల దగ్గర ఉన్నాయనుకుందాం. బయట 30 డిగ్రీలుంటే తేడా 65. బయట 45 డిగ్రీలైతే తేడా 50 మాత్రమే. అంటే అదే రేడియేటర్, అదే ఫ్యాన్, కానీ పని దాదాపు పావు వంతు తగ్గిపోయింది. చలికాలంలో అంచున నెట్టుకొచ్చిన సెటప్ ఎండాకాలంలో చేతులెత్తేస్తుంది. కాబట్టి ఇంజిన్ మార్చాక పది కిలోమీటర్లు తిప్పి చూసి బాగుందనుకోవడం సరిపోదు. ముఖ్యంగా ఆ ట్రయల్ పొద్దున్నే, ఖాళీ బండితో వేస్తే అది ట్రయలే కాదు.

రేడియేటర్ మీద పడే బరువు ఎంతో కూడా తెలియాలి. డీజిల్ మండితే వచ్చే శక్తిలో ఉరమరగా మూడో వంతే చక్రాలు తిప్పడానికి పనికొస్తుంది. మిగతాది వేడే. అందులో కొంత సైలెన్సర్‌లోంచి పోతుంది, కొంత నీళ్లలోకి వస్తుంది. 60 హార్స్‌పవర్ ఇంజిన్ ఫుల్ లోడ్‌లో ఉన్నప్పుడు నీళ్లలోకి చేరే వేడి ఇళ్లలో వాడే 2 కిలోవాట్ల గీజర్లు 15 పైనే ఒకేసారి ఆన్ చేసినంత ఉంటుంది. అదంతా బానెట్ ముందున్న ఆ పలకలోంచే బయటకి పోవాలి.

'పెద్ద ఇంజిన్ వేశారు, అందుకే' అనేది సగమే నిజం

ఏజెన్సీ రోడ్ల మీద తిరిగే పాత మహీంద్రా జీపుల్లో ఇంజిన్ మార్పిళ్లు ఎక్కువే. ఒకప్పటి ఎంఎం 540 లాంటి మోడళ్లలో ప్యూజో డిజైన్‌తో చేసిన 2112 సీసీ ఎక్స్‌డీపీ డీజిల్ ఇంజిన్ వచ్చేది. దాని స్పేర్లు దొరకడం కష్టమయ్యే కొద్దీ, తర్వాత వచ్చిన 2523 సీసీ డీఐ ఇంజిన్‌ని అందులో కూర్చోబెట్టడం అలవాటైంది. సీసీ పెరిగింది కాబట్టి వేడి పెరిగిందని ఓనర్ అనుకుంటాడు.

లెక్క అంత సింపుల్ కాదు. ఈ రెండు ఇంజిన్ల పవర్ 60 హార్స్‌పవర్‌కి అటూ ఇటూనే. పైగా పాత ప్యూజో రకం ఇంజిన్‌లో డీజిల్ ముందు హెడ్‌లోని చిన్న గదిలో మండి, అక్కడి నుంచి సిలిండర్‌లోకి వస్తుంది. ఆ చిన్న గది గోడల ద్వారా నీళ్లలోకి వేడి ఎక్కువగా పోతుంది. డీఐలో డీజిల్ నేరుగా పిస్టన్ మీదే మండుతుంది, నీళ్లకి చేరే వేడి ఆ లెక్కన తక్కువ. అంటే రేడియేటర్ మంచి స్థితిలో ఉంటే ఈ మార్పిడికి బండి మరగకూడదు. మరుగుతోందంటే బిగింపులో ఎక్కడో తేడా ఉంది.

స్కార్పియోలో వచ్చిన 2179 సీసీ ఎంహాక్ టర్బో ఇంజిన్ వేస్తే మాత్రం సంగతి వేరు. అది 120 హార్స్‌పవర్ క్లాస్. పవర్ రెట్టింపైతే వేడీ దాదాపు ఆ మేరకే పెరుగుతుంది. దానికి తోడు రేడియేటర్ ముందు ఇంటర్‌కూలర్ పెట్టాలి, ఏసీ ఉంటే కండెన్సర్ కూడా. ఆ రెండూ వేడి చేసి వదిలిన గాలే రేడియేటర్‌కి అందుతుంది. పాత జీపు రేడియేటర్‌తో దీన్ని నడిపించాలనుకోవడం అత్యాశే.

ఎప్పుడు మరుగుతోంది? అసలు ప్రశ్న ఇదే

షెడ్డుకి వెళ్లి "అన్నా, బండి హీటెక్కుతోంది" అని మాత్రమే చెబితే మెకానిక్‌కి దొరికే ఆధారం సున్నా. ఆగి ఉన్నప్పుడా, స్పీడ్‌లోనా, స్టార్ట్ చేసిన ఐదు నిమిషాలకేనా? ఇది చెబితే వెతకాల్సిన చోటు మారిపోతుంది.

ముందుగా, ఆగినప్పుడో, కచ్చా రోడ్డు మీద ఫస్ట్ గేర్‌లో పోతున్నప్పుడో ముల్లు పైకెక్కి, తారు రోడ్డెక్కి 50 స్పీడ్ అందుకోగానే దిగిపోతోందనుకుందాం. అంటే స్పీడ్‌లో వచ్చే గాలి కాపాడుతోంది, ఫ్యాన్ కాపాడలేకపోతోంది. లోపం గాలి దగ్గరే. అడవి దారుల్లో ఇదే ఎక్కువ బయటపడుతుంది. లోడ్ నిండా ఉంటుంది, స్పీడ్ ఉండదు, మొత్తం భారం ఫ్యాన్ మీదే పడుతుంది.

ఇంజిన్ మార్చినప్పుడు ఫ్యాన్‌ విషయంలో జరిగే పొరపాట్లు చాలానే ఉన్నాయి. కొత్త ఇంజిన్ పొడవు తక్కువైతే ఫ్యాన్ రేడియేటర్‌కి దూరమైపోతుంది. ఇంజిన్ కాస్త కిందకో పక్కకో కూర్చుంటే ఫ్యాన్ మధ్యభాగం రేడియేటర్ మధ్యకి రాదు. అన్నిటికంటే ఎక్కువగా జరిగేది, ఫ్యాన్ చుట్టూ ఉండే ప్లాస్టిక్ లేదా రేకు తొడుగు, అదే ష్రౌడ్, కొత్త ఇంజిన్‌కి అడ్డొస్తోందని తీసి మూల పడేయడం. అది షోకి పెట్టిన రేకు కాదు. అది లేకపోతే ఫ్యాన్ తన ఎదురుగా ఉన్న గుండ్రటి ముక్కలోంచే గాలి లాగుతుంది, రేడియేటర్ నాలుగు మూలలూ ఖాళీగా ఉండిపోతాయి. బానెట్ లోపలి వేడి గాలే తిరిగి తిరిగి ఫ్యాన్‌లోకి వస్తుంది. ష్రౌడ్ మళ్లీ పెట్టించాలి. కొలత కుదరకపోతే రేకుతో కొత్తది చేయించుకోవచ్చు, వెల్డింగ్ షాపులో అయ్యే పనే. ఫ్యాన్ రెక్కల వెడల్పులో సగం ష్రౌడ్ లోపల, సగం బయట ఉండేలా చూడాలి. రేడియేటర్ చుట్టూ సందులుంటే రబ్బరు షీటో, ఫోమో పెట్టి మూయాలి. గాలి కూడా నీళ్ల లాంటిదే, దారి సులువుగా ఉన్న చోటికే పోతుంది.

కరెంట్ ఫ్యాన్ పెట్టిన వాళ్లు ఒక్క కాగితం పరీక్ష చేసి చూడాలి. బండి ఆపి ఉంచి, ఫ్యాన్ తిరుగుతుండగా ముందు గ్రిల్ బయట ఒక పేపర్ పెట్టండి. అది గ్రిల్‌కి అతుక్కోవాలి. ఎగిరిపోతోందంటే ఫ్యాన్ వైర్లు తారుమారయ్యాయి. ఫ్యాన్ వెనక్కి తిరుగుతూ ఎదురుగాలితో కొట్లాడుతోందన్నమాట. వైర్లు అటు ఇటు మారిస్తే చాలు. ఈ పొరపాటుకి హెడ్ విప్పించుకున్న వాళ్ల జేబు సంగతి చెప్పక్కర్లేదు.

బెల్ట్‌తో తిరిగే ఫ్యాన్ మధ్యలో గుండ్రటి క్లచ్ ఉంటే, అందులో సిలికాన్ ఆయిల్ ఉంటుంది. బండి బాగా వేడెక్కాక ఇంజిన్ ఆపి, తాళం జేబులో వేసుకుని, చేత్తో ఫ్యాన్ తిప్పి చూడాలి. గట్టిగా, జిగురుగా తిరిగితే బాగుంది. సైకిల్ చక్రంలా గిర్రున తిరిగిందంటే క్లచ్ పోయినట్టే.

స్పీడ్‌లో మరిగితే లోపం వేరే చోట

కొన్ని బండ్లది దీనికి పూర్తి రివర్స్. ఊళ్లో ఎంతసేపు ఆగినా ఏం కాదు. హైవే మీదో, లోడ్‌తో ఎత్తు ఎక్కుతున్నప్పుడో మరుగుతాయి. ఇక్కడ గాలికి లోటు లేదు. నీళ్లు సరిపడా తిరగడం లేదు, లేదా రేడియేటర్ ఆ వేడిని మోయలేకపోతోంది.

ఇలాంటప్పుడు చూడాల్సిన మొదటి భాగం చాలామంది పట్టించుకోనిది. అదే కింది హోస్ పైపు. రేడియేటర్ కింద నుంచి వాటర్ బాడీ, అంటే వాటర్ పంపు, నీళ్లని లాక్కునేది ఈ పైపులోంచే. ఇంజిన్ మార్చినప్పుడు కొలత కుదరక ఏదో ఒక మెత్తటి పైపు కోసి తొడుగుతారు. ఇంజిన్ స్పీడ్ పెరిగితే ఆ లాగుడికి పైపు లోపలికి నొక్కుకుపోయి దారి మూసుకుంటుంది. ఐడిల్‌లో మళ్లీ మామూలుగా కనిపిస్తుంది కాబట్టి షెడ్డులో దొరకదు. ఒకరు యాక్సిలరేటర్ తొక్కుతుంటే ఇంకొకరు చేతులు, కండువా ఫ్యాన్‌కి దూరంగా ఉంచి ఆ పైపు చూడాలి. చప్పిడిపోతోందంటే లోపల స్ప్రింగ్ ఉన్న గట్టి పైపు వేయాలి.

తర్వాత పుల్లీలు. ఒక ఇంజిన్ క్రాంక్ పుల్లీ, ఇంకో ఇంజిన్ వాటర్ బాడీ కలిపి బిగిస్తే పంపు ఉండాల్సిన స్పీడ్ కంటే నెమ్మదిగా తిరగొచ్చు. ఇంకా ఘోరం ఏంటంటే, పొడవాటి ఒకే బెల్ట్ అన్నిటికీ చుట్టుకునే ఇంజిన్లలో కొన్ని వాటర్ పంపులు బెల్ట్ వీపు వైపు తగిలి రివర్స్‌లో తిరిగేలా చేసి ఉంటాయి. దాన్ని మామూలు వీ బెల్ట్ దారిలో పెడితే పంపు ఉల్టా తిరుగుతుంది. లీకేజీ ఉండదు, శబ్దం ఉండదు, చూడ్డానికి అంతా బాగానే ఉంటుంది. నీళ్లు మాత్రం సరిగ్గా కదలవు. పంపు ఏ ఇంజిన్‌దో, అది అసలు ఎటు తిరగాలో షాపులో అడిగి తెలుసుకోవడం తప్ప దీనికి వేరే దారి లేదు.

రేడియేటర్ సగం పూడిపోయిందా అన్నది తెలుసుకోవడానికి ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ గన్ బాగా పనికొస్తుంది. కరోనా టైమ్‌లో నుదుటికి పెట్టిన గన్ దీనికి పనికిరాదు, అది ఒంటి వేడి వరకే చూపిస్తుంది. హార్డ్‌వేర్ షాపుల్లో, ఆన్‌లైన్‌లో దొరికే ఇండస్ట్రియల్ రకం కావాలి. ఇంజిన్ బాగా వేడెక్కాక ఆపేసి, రేడియేటర్ ముఖమంతా వరసగా చూస్తే వేడి మెల్లగా తగ్గుతూ పోవాలి. మధ్యలో ఒక ముక్క చల్లగా ఉందంటే అక్కడి ట్యూబుల్లో నీళ్లు పోవడం లేదు. బయట రెక్కల మధ్య ఇరుక్కున్న గడ్డి, దుమ్ము, పురుగులు కూడా ఇదే పని చేస్తాయి. ప్రెషర్ వాటర్ మరీ దగ్గర నుంచి కొడితే రెక్కలు వంగిపోతాయి. ఇంజిన్ వైపు నుంచి మామూలు పైపుతో కడిగితే చాలు.

ఇంజిన్ మార్చాక 'పికప్ రావాలి' అని డీజిల్ పంపు పెంచించుకునే వాళ్లకి ఒక మాట. నల్లపొగతో పాటు వేడి కూడా పెరుగుతుంది. పంపు టైమింగ్ తప్పినా, బ్రేకులు పట్టేసినా అంతే. రేడియేటర్ మార్చేముందు ఈ మూడూ చూపించుకోవాలి.

ఐదు నిమిషాలకే మరిగితే గాలి ఇరుక్కుందేమో చూడాలి

కొత్తగా బిగించిన ఇంజిన్ స్టార్ట్ చేసిన కాసేపటికే మరిగితే, ముందు అనుమానించాల్సింది ఎయిర్ లాక్. ఇంజిన్ మార్చాక థర్మోస్టాట్ ఉండే భాగం రేడియేటర్ మూత కంటే ఎత్తులోకి వెళ్లిందా? అయితే గాలి అక్కడే చిక్కుకుంటుంది. రేడియేటర్ నిండా నీళ్లున్నట్టు కనిపిస్తుంది, హెడ్ మాత్రం ఎండిపోయి ఉంటుంది. పై హోస్ చల్లగా, ఇంజిన్ కాలిపోతూ ఉంటే ఇదే గుర్తు.

చల్లటి బండిని ముందు భాగం ఎత్తులో ఉండేలా గట్టు మీదకి ఎక్కించాలి. రేడియేటర్ మూత తీసి, హీటర్ ఉంటే దాన్ని ఫుల్ వేడిలో పెట్టి, కూలెంట్ మెల్లగా పోయాలి. స్టార్ట్ చేసి ఐడిల్‌లో ఉంచి, బుడగలు వస్తుంటే పోస్తూ ఉండాలి. గాలి వదిలే స్క్రూ ఉన్న ఇంజిన్ అయితే అది వదులు చేస్తే పని తొందరగా అవుతుంది. ఎత్తు తేడా మరీ ఎక్కువైతే అన్నిటికంటే పైన ఒక చిన్న ఫిల్లర్ ట్యాంకు పెట్టించడమే శాశ్వత మార్గం.

అదే సమయంలో థర్మోస్టాట్ కూడా చూడాలి. దాని మీద 82 అనో 88 అనో ఒక అంకె ఉంటుంది. ఆ వేడికి అది తెరుచుకోవడం మొదలవ్వాలి. గిన్నెలో నీళ్లు పోసి, అందులో దారంతో వేలాడదీసి, పొయ్యి మీద పెట్టి థర్మామీటర్‌తో చూస్తే తెలిసిపోతుంది. నీళ్లు మరిగినా తెరుచుకోకపోతే మార్చేయాలి. దాని స్ప్రింగ్ ఇంజిన్ వైపు ఉండాలి, తిరగేసి పెట్టే వాళ్లూ ఉన్నారు.

థర్మోస్టాట్ తీసేస్తే పోతుందా?

మన దగ్గర షెడ్డుల్లో ఎక్కువగా వినిపించే సలహా ఇదే. 'మనది వేడి ప్రాంతం, వాల్వ్ ఎందుకు, తీసి పారేయ్' అంటారు. ఎమర్జెన్సీలో ఇల్లు చేరడానికి అయితే సరే. కానీ కొన్ని ఇంజిన్లలో దీనివల్ల హీటింగ్ ఇంకా పెరుగుతుంది.

కారణం ఉంది. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు నీళ్లు రేడియేటర్‌కి పోకుండా ఇంజిన్‌లోనే తిరగడానికి బైపాస్ అనే చిన్న దారి ఉంటుంది. కొన్ని థర్మోస్టాట్లకి కింద రెండో మూత ఉంటుంది. పై దారి తెరుచుకున్నప్పుడు అది ఈ బైపాస్‌ని మూసేస్తుంది. థర్మోస్టాట్ మొత్తం తీసేస్తే బైపాస్ ఎప్పుడూ తెరిచే ఉంటుంది. నీళ్లలో కొంత భాగం రేడియేటర్ ముఖం చూడకుండానే ఇంజిన్‌లోకి తిరిగి వచ్చేస్తుంది. 'నీళ్లు మరీ స్పీడ్‌గా పోతే చల్లబడవు' అని చెప్పే మాటకి వెనకున్న అసలు సంగతి చాలావరకు ఇదే. ఇక బైపాస్ సమస్య లేని ఇంజిన్లలో కూడా థర్మోస్టాట్ లేకపోతే చలికాలంలో ఇంజిన్ సరిగ్గా వేడెక్కదు, డీజిల్ ఎక్కువ తాగుతుంది, అరుగుదల పెరుగుతుంది.

ముల్లు అబద్ధం చెప్పొచ్చు

బండి డ్యాష్‌బోర్డు పాతది, ఇంజిన్ కొత్తది. ఇంజిన్‌లో బిగించే సెన్సార్‌కి, మీటర్‌కి జత కుదరకపోతే ముల్లు చూపించే అంకెకి అర్థం లేదు. ఇంజిన్ 85 డిగ్రీల దగ్గర హాయిగా ఉన్నా ముల్లు ఎర్రలో ఉండొచ్చు. అంతకంటే ప్రమాదం, ఇంజిన్ మరుగుతున్నా ముల్లు మధ్యలోనే కూర్చోవచ్చు. తాళం తిప్పగానే ముల్లు ఎగిరినా, లైట్లు వేసినప్పుడల్లా కదిలినా వైరింగ్, ఎర్త్ చూడాలి. థర్మోస్టాట్ ఉన్న భాగం మీద ఇన్‌ఫ్రారెడ్ గన్ పెట్టి మీటర్‌తో పోల్చి చూస్తే నిజం తెలుస్తుంది. అసలు మీటర్ తప్పయితే ఇంతసేపూ చెప్పుకున్న వాటిలో ఏదీ మార్చక్కర్లేదు కాబట్టి, ఈ పరీక్ష మొదటే చేసుకోవడం మంచిది.

మరి హెడ్ ఎప్పుడు విప్పాలి?

సెకండ్ హ్యాండ్ ఇంజిన్ ముందు బండిలోంచి ఎందుకు బయటకొచ్చిందో కొనేవాళ్లకి తెలియదు. అది మరిగి మరిగి హెడ్ వంగిపోయినదే కావచ్చు. కాబట్టి హెడ్ మీద అనుమానం తప్పు కాదు, అది మొదటి అనుమానం కాకూడదంతే.

రాత్రంతా చల్లబడిన బండి స్టార్ట్ చేసిన ఒకటి రెండు నిమిషాల్లోనే పై హోస్ రాయిలా గట్టిపడిందంటే, అంత తొందరగా అది ఆవిరి వల్ల కాదు. సిలిండర్‌లోని గ్యాస్ నీళ్లలోకి దూరుతోంది. మూత తీసి స్టార్ట్ చేస్తే ఆగకుండా బుడగలు రావడం, ఆయిల్ మూత కింద పాలు ఎక్కువైన కాఫీ రంగు జిగురు, కారణం లేకుండా నీళ్లు తగ్గిపోవడం, తెల్లపొగ.. ఇవన్నీ అదే మాట చెబుతాయి. రేడియేటర్ మూతి మీద పెట్టి చూసే టెస్టర్ ద్రవం ఒకటి దొరుకుతుంది. మండిన గ్యాస్ తగిలితే దాని నీలం రంగు మారిపోతుంది. అది మారితే ఇక ఆలోచించక్కర్లేదు, హెడ్ విప్పాల్సిందే. బిగించేటప్పుడు ప్యాకింగ్ తిరగేసి పెట్టలేదు కదా, దాని నీళ్ల రంధ్రాలు బ్లాక్ రంధ్రాలతో కలుస్తున్నాయా అన్నది దగ్గరుండి చూసుకోవాలి. కొన్ని ఇంజిన్లలో ప్యాకింగ్ తిరగబడితే వెనక సిలిండర్లకి నీళ్ల దారే మూసుకుపోతుంది.

బోరు నీళ్లు, చిన్న మూత

'మన దగ్గర మంచు పడదు కదా, కూలెంట్ ఎందుకు' అని బోరు నీళ్లు పోసే వాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఉప్పు ఎక్కువున్న బోరు నీళ్లు టీ గిన్నెలో తెల్లటి పొర కట్టినట్టే ఇంజిన్ లోపల కూడా పొర కడతాయి. ఆ పొర వేడిని లోపలే ఆపేస్తుంది. మరుగు స్థానం పెంచడం, తుప్పు పట్టకుండా చూడటం, వాటర్ బాడీ సీల్‌ని కాపాడటం కూడా కూలెంట్ పనే. బ్యాటరీల్లో పోసే డిస్టిల్డ్ వాటర్ సగం, కూలెంట్ సగం కలపాలి. కలపకుండా కూలెంట్ ఒక్కటే పోస్తే ఇంకా మంచిదనుకోవద్దు. వేడిని మోసుకెళ్లడంలో నీళ్లదే పైచేయి. రెండు రకాల కూలెంట్లు కలపడమూ వద్దు.

రేడియేటర్ మూత మీద 0.9 అని రాసి ఉంటే, అది లోపల 0.9 బార్ ఒత్తిడి నిలబెడుతుందని. ఆ ఒత్తిడిలో నీళ్లు 100 దగ్గర కాదు, దాదాపు 118 డిగ్రీల దాకా మరగవు. మూత రబ్బరు పగిలినా, స్ప్రింగ్ మెత్తబడినా ఈ 18 డిగ్రీల రక్షణ పోతుంది. బండి మొత్తంలో అతి చవక పార్టుల్లో ఇదొకటి, కాబట్టి ఇంజిన్ మార్చిన రోజే కంపెనీ చెప్పిన రేటింగ్ మూత కొత్తది వేసుకోవాలి. ఎక్కువ రేటింగ్ మూత పెడితే పాత రేడియేటర్, హోసులు పగలొచ్చు.

దారి మధ్యలో మరిగితే..

అడవి మధ్యలో, సిగ్నల్ లేని చోట ముల్లు పైకి పోతోందనుకోండి. ఏసీ ఆపేయండి. హీటర్ ఉంటే ఫుల్‌లో పెట్టండి, చెమటలు పట్టినా అది ఇంజిన్‌కి రెండో చిన్న రేడియేటర్‌లా పనిచేస్తుంది. నీడ చూసి ఆపండి. ఆవిరి లేదు, నీళ్లు కారడం లేదు అనుకుంటే ఒకటి రెండు నిమిషాలు ఐడిల్‌లో ఉంచితే ఫ్యాన్ చల్లబరుస్తుంది. ఆవిరి వస్తున్నా, నీళ్లు పోయినా మాత్రం వెంటనే ఇంజిన్ ఆపేయాలి. 'ఇంకో రెండు కిలోమీటర్లే కదా' అని లాగిస్తే హెడ్ వంగుతుంది, ఒక్కోసారి పిస్టన్లు పట్టేసి ఇంజిన్ సీజ్ అవుతుంది.

వేడి మీద రేడియేటర్ మూత ముట్టుకోవద్దు. లోపల 100 డిగ్రీలు దాటిన నీళ్లు ఒత్తిడి కింద ఉన్నాయి. మూత వదులైన క్షణంలో ఆవిరై మొహం మీదకి చిమ్ముతాయి. గుడ్డ అడ్డం పెట్టుకున్నా కాలుతుంది. కనీసం ముప్పావు గంట ఆగి, పై హోస్ నొక్కితే మెత్తగా ఉందని చూసుకున్నాకే తీయాలి. కాలుతున్న ఇంజిన్‌లో చల్లటి నీళ్లు ఒకేసారి పోస్తే హెడ్ పగలొచ్చు. ఎవరికైనా కాలితే ఆ భాగం మీద 20 నిమిషాల పాటు మామూలు చల్లటి నీళ్లు ధారగా పోయాలి. టూత్‌పేస్ట్, సిరా, పసుపు లాంటివి పూయకూడదు. మొహం, కళ్లు కాలితే 108కి ఫోన్ చేసి ఆస్పత్రికి తీసుకెళ్లాలి.

ఇంజిన్ కొనేముందే అడగాల్సినవి

ఇంజిన్ ఒక్కటే బేరమాడటం దగ్గరే చాలా తలనొప్పులు మొదలవుతాయి. అదే బండి నుంచి రేడియేటర్, ఫ్యాన్, ష్రౌడ్, పై కింది హోసులు, టెంపరేచర్ సెన్సార్ సెట్‌గా ఇస్తారా అని అడగాలి. కొంచెం ఎక్కువైనా, విడివిడిగా వెతికి జత కలిపే ఖర్చు కంటే తక్కువే పడుతుంది. పాత రేడియేటర్ పనికిరాదని తేలితే, సైజు కుదిరినంత మందం ఎక్కువున్న కోర్ వేయించుకోవచ్చు.

కాగితాల సంగతి కూడా ఉంది. ఇంజిన్ మారితే ఇంజిన్ నంబర్ మారుతుంది. మోటారు వాహనాల చట్టం 1988లోని సెక్షన్ 52 బండిలో మార్పుల గురించి చెబుతుంది. కంపెనీ ఒరిజినల్ స్పెసిఫికేషన్‌కి భిన్నంగా బండిని మార్చకూడదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో స్పష్టం చేసింది. అందుకే పని మొదలుపెట్టక ముందే ఆర్టీఏ ఆఫీసులో అడిగి, అనుమతి తీసుకుని, ఇంజిన్ కొన్న బిల్లు దాచుకుని, ఆర్‌సీలో కొత్త నంబర్ ఎక్కించుకోవాలి. ఆర్‌సీలో ఒక నంబర్, బండిలో ఇంకో నంబర్ ఉంటే యాక్సిడెంట్ అయిన రోజు ఇన్సూరెన్స్ దగ్గర చిక్కులు తప్పవు.

అన్నీ సరిచేయించాక ట్రయల్ మాత్రం మధ్యాహ్నం 2 గంటలకే వేయాలి, మామూలుగా వేసే లోడ్‌తో. అరగంట నడిపి, పది నిమిషాలు ఐడిల్‌లో ఆపి, మళ్లీ ఎత్తు మీద సెకండ్ గేర్‌లో ఎక్కించి, ఇన్‌ఫ్రారెడ్ గన్‌తో చూసుకోవాలి. మర్నాడు పొద్దున బండి చల్లగా ఉన్నప్పుడు కూలెంట్ లెవెల్ మార్కు దగ్గరే ఉందా, దిగిందా అన్నది కూడా.